‘తాతయ్య కూడా ఇక రాడా?’ అని పాప అడిగితే

ప్రశ్న: మా పాపకు అయిదేళ్లు నిండాయి. రోజూ ఒక యాప్‌లో కార్టూన్ చూస్తుంది. పోయిన వారం ఆ కార్టూన్‌లో ఓ చిన్నపిల్ల పెంచుకునే ముసలి కుక్క చనిపోయింది. పిల్ల ఏడుస్తుంది, అమ్మానాన్నా దగ్గరకు తీసుకుని ‘ఇక అది తిరిగి రాదు’ అని చెబుతారు. మా పాప ఏడవలేదు. చాలాసేపు ఊరికే కూర్చుని, ‘అయితే తాతయ్య కూడా ఇక రాడా?’ అంది. మా మామగారు ఏడు నెలల క్రితం పోయారు. పాపకు ఎలా చెప్పాలో తెలియక ‘తాతయ్య చాలా దూరం వెళ్లారు, కొన్నాళ్లకు వస్తారు’ అని చెప్పాం. కార్టూన్ చూసిన దగ్గర్నుంచి రాత్రిళ్లు నన్ను గట్టిగా పట్టుకుని పడుకుంటోంది. ‘నువ్వు కూడా చచ్చిపోతావా?’ అని ఒకటే అడగడం. మావారికి కోపం వచ్చి యాప్ తీసేశారు. ‘పిల్లల ప్రోగ్రాం అంటే నవ్వించాలి, నాలుగు అక్షరాలు నేర్పించాలి. పసివాళ్లకు ఈ చావులూ ఏడుపులూ ఎందుకు?’ అంటున్నారు. నాకూ నిజమే అనిపిస్తోంది. ఆ యాప్ వాళ్లకు కంప్లైంట్ రాద్దామనుకుంటున్నాం. మీరేమంటారు?
– ఓ అమ్మ

జవాబు:

అమ్మా, కంప్లైంట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ పాప అడిగిన మాట మళ్లీ ఒకసారి చదవండి. కుక్క ఎందుకు చనిపోయిందని అడగలేదు. ఆ కార్టూన్ పిల్ల గురించి అడగలేదు. సూటిగా తాతయ్య దగ్గరికి వెళ్లిపోయింది. అంటే ఏడు నెలలుగా ఆ ప్రశ్న లోపల ఉండనే ఉంది. తాతయ్య కుర్చీ ఖాళీగా ఉండటం చూసింది, ఆయన పేరెత్తితే పెద్దవాళ్లు మాట మార్చడం చూసింది, ‘కొన్నాళ్లకు’ అంటే ఎన్నాళ్లో ఎవరూ చెప్పకపోవడం గమనించింది. అడగడానికి మాటలు లేవు, అంతే. ఆ మాటలు కార్టూన్ ఇచ్చింది.

మీరు అబద్ధం చెప్పారని తప్పు పట్టడం లేదు. ఇంట్లో చావు జరిగినప్పుడు పెద్దవాళ్లకే నోట మాట రాదు. పిల్లకు వివరించే ఓపిక ఎవరికి ఉంటుంది? ఆ పూటకు ఏదో చెప్పి గండం గట్టెక్కుదామనుకుంటాం. కాకపోతే మనం ఆ పూటకు చెప్పిన మాటను పిల్లలు ఏళ్ల తరబడి పట్టుకుని ఉంటారు. ‘వస్తారు’ అంటే వస్తారనే నమ్ముతారు. ‘నిద్రపోయారు’ అని చెబితే ఆ రాత్రి నుంచి పడుకోవడానికే భయపడే పిల్లలుంటారు. అందుకే పిల్లల డాక్టర్లు ఈ విషయంలో డొంకతిరుగుడు మాటలు వద్దని, ‘చనిపోయారు’ అనే చెప్పమని గట్టిగా చెబుతారు.

అయిదేళ్ల పిల్లకు చావు అంటే ఏం అర్థమవుతుంది? మనం ఒకే విషయం అనుకునేది పిల్లల బుర్రలోకి ముక్కలు ముక్కలుగా వెళుతుంది. చనిపోయినవాళ్లు తిరిగి రారన్నది ఒక ముక్క. వాళ్లకు ఆకలి, చలి, నొప్పి ఇక ఉండవన్నది ఇంకోటి. ప్రాణం ఉన్న ప్రతిదానికీ ఎప్పుడో ఒకప్పుడు ఇది తప్పదన్నది మరోటి. చాలామంది పిల్లలకు ఈ ముక్కలన్నీ అయిదు నుంచి ఏడేళ్ల మధ్య ఒక్కొక్కటిగా అతుక్కుంటాయి. అంతకుముందు ‘తాతయ్య చనిపోయాడు’ అని తనే చెప్పి, కాసేపటికి ‘భోజనానికి వస్తాడా?’ అని అడిగినా ఆశ్చర్యం లేదు. మీ పాప సరిగ్గా ఆ వయసులోనే ఉంది. మొదటి ముక్క కార్టూన్‌లో దొరికింది, మూడోది తనే వెతుక్కుంటోంది. ‘నువ్వు కూడా చచ్చిపోతావా?’ అంటే అదే.

ఇంకో సంగతి. ఈ వయసు పిల్లలు లోకంలో జరిగేదానికి తామే కారణమేమో అనుకుంటారు. తాతయ్య మీద అలిగినందుకు వెళ్లిపోయాడేమో, అల్లరి చేసినందుకు రావడం లేదేమో అని లోపల్లోపల కుమిలిపోవచ్చు. పైకి మాత్రం చెప్పరు. ‘వస్తారు’ అన్న తాతయ్య ఏడు నెలలైనా రాకపోతే ఆ అనుమానం పెరుగుతుందే గాని తగ్గదు. ఆ కార్టూన్ మీ పాప నెత్తిన కొత్త బరువేమీ పెట్టలేదనే నా నమ్మకం. బహుశా ఒక బరువు దించే వీలు చూపించింది.

ఇప్పుడు మీవారి ప్రశ్నకు వద్దాం. పిల్లల షోలకు ఈ పని ఎందుకు?

దీనికి నేను చూసిన వాటిలో అన్నిటికన్నా మంచి జవాబు నలభై ఏళ్ల కిందటిది. అమెరికాలో ‘సెసమీ స్ట్రీట్’ అనే పిల్లల కార్యక్రమం ఉంది. అందులో మిస్టర్ హూపర్ అని ఓ కొట్టు నడిపే పెద్దాయన పాత్ర ఉండేది. ఆ వేషం వేసే నటుడు విల్ లీ 1982 డిసెంబరులో చనిపోయారు. కార్యక్రమం వాళ్ల ముందు తేలిక దారులు ఉన్నాయి. ఆ పాత్రకు ఇంకో నటుణ్ని పెట్టొచ్చు. ఆయన పని మానేసి వేరే ఊళ్లో స్థిరపడ్డారని చెప్పేయొచ్చు. ఒక విధంగా మీరు పాపకు చెప్పినట్టే. వాళ్లు అలా చేయలేదు. పిల్లల మనస్తత్వం తెలిసినవాళ్లను కూర్చోబెట్టుకుని, నిజంగా చనిపోయినట్టే చూపిద్దామని నిర్ణయించుకున్నారు. ఆ ఎపిసోడ్ 1983 నవంబరు 24న వచ్చింది. అది అక్కడ పండగ సెలవు. పిల్లలు చూసేటప్పుడు అమ్మానాన్నలు ఇంట్లో ఉంటారని కావాలనే ఆ రోజు పెట్టారు.

అందులో బిగ్ బర్డ్ అని మనిషి కన్నా ఎత్తుండే పసుపు పక్షి ఉంటుంది. ఆకారం పెద్దదే గాని మనసు ఆరేళ్ల పిల్లది. వీధిలోని పెద్దవాళ్లందరి బొమ్మలూ తనే గీసి తెచ్చి తలా ఒకటి పంచుతుంది. అందరూ మురిసిపోతారు. చివరికి మిస్టర్ హూపర్ బొమ్మ మిగులుతుంది. ఆయన కోసం చూస్తుంది. పెద్దవాళ్లు ముఖాలు చూసుకుంటారు. ‘ఆయన చనిపోయారు కదా, నీకు చెప్పాం, గుర్తులేదా?’ అంటే, ‘ఆ, గుర్తుంది. అయితే తిరిగి వచ్చాక ఇస్తాలే’ అంటుంది. అప్పుడు ఒకామె లేచి దగ్గరికి వచ్చి, చనిపోయినవాళ్లు తిరిగి రారని చెబుతుంది. ‘ఎప్పటికీనా?’ ‘ఎప్పటికీ.’

తర్వాత ఆ పక్షికి వచ్చే మొదటి ఆలోచన చూడండి. మరి నాకు రోజూ మిల్క్‌షేక్ ఎవరు చేసిపెడతారు, కథలు ఎవరు చెబుతారు అంటుంది. పెద్దవాళ్ల చెవికి ఇది స్వార్థంలా వినిపించొచ్చు. పిల్లల దుఃఖం ఉండేదే అలా. ఆ కొట్టు ఇప్పుడు చూసుకుంటున్న కుర్రాడు ‘నేను చేసిపెడతాను’ అంటాడు. కథలు మేమందరం చెబుతామంటారు. అప్పటికీ దానికి కోపం పోదు. ఇలా ఎందుకు జరగాలి, ఒక్క కారణం చెప్పండి అని నిలదీస్తుంది. ఒకాయన కాసేపు ఆగి, ఇలాగే ఎందుకంటే... అంతే, ఇలాగే, అంటాడు. అంతకుమించి ఏమీ చెప్పడు. ఆ నటులు కూడా ఏళ్ల తరబడి విల్ లీతో కలిసి పనిచేసినవాళ్లే, అందుకే వాళ్ల కళ్లలో కనిపించేవి నిజమైన కన్నీళ్లే.

ఇందులో ఏం పెట్టారన్నది ఎంత ముఖ్యమో, ఏం పెట్టలేదన్నదీ అంతే ముఖ్యం. చావును చూపించలేదు. ఆస్పత్రి లేదు. ఆయన ముసలివాడై పోయాడనీ, జబ్బు చేసి పోయాడనీ చెప్పలేదు. ఎందుకంటే వింటున్న పిల్లకు రేపు జలుబు చేస్తే తనూ చనిపోతానేమో అనుకుంటుంది, అమ్మమ్మ జుట్టు తెల్లగా కనబడితే రేపో మాపో అనుకుంటుంది. తెలియని దానికి తెలిసినట్టు సమాధానం అల్లలేదు. ఏడుస్తూనే పిల్లను దగ్గరకు తీసుకునే పెద్దవాళ్లను మాత్రం చూపించారు. ఈ విషయంలో ‘మెల్లగా చెప్పడం’ అంటే నా దృష్టిలో ఇది. నిజాన్ని పలచన చేయలేదు, ఎవరి చేతుల్లో కూర్చుని వినాలో చూసుకున్నారు.

షోలు ఈ పని ఎందుకు చేయాలంటారా? మీ ఇంట్లో ఏడు నెలల క్రితం జరిగిందే దానికి సమాధానం. చావు వచ్చిన ఇంట్లో చెప్పగల స్థితిలో ఎవరూ ఉండరు. ఆ కబురు ముందెన్నడూ వినని పిల్లకు అన్నీ ఒకేసారి మీద పడతాయి. తనకేమీ కాని ఒక బొమ్మ పాత్ర కథగా ముందే చూసి ఉంటే, చావు అనే మాట, తిరిగి రారన్న సంగతి, పెద్దవాళ్లు కూడా ఏడుస్తారు, ఏడ్చి మళ్లీ అన్నం పెడతారు అన్న భరోసా, ఇవన్నీ కొంచెమైనా పరిచయమై ఉంటాయి. బొమ్మ బాధ కాబట్టి భరించగలిగినంతే తీసుకుంటారు, చాలు అనుకుంటే లేచి ఆడుకోవడానికి వెళ్లిపోతారు. ఇంట్లో జరిగితే అలా లేచి వెళ్లే వీలుండదు.

అలాగని ప్రతి షోలోనూ ఎవరో ఒకరిని చంపాలని నేననడం లేదు. మీవారి కోపంలో న్యాయం ఉంది, అదీ చెప్పాలి.

పిల్లల సినిమాలంటే నవ్వులూ పాటలే అనుకుంటాం. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 2014లో వచ్చిన ఒక పరిశీలన ఉంది. 1937 నుంచి 2013 వరకు వచ్చిన, వసూళ్లలో ముందున్న 45 పిల్లల యానిమేషన్ సినిమాలను పెద్దవాళ్ల సినిమాలతో పోల్చి చూశారు. ముఖ్యమైన పాత్ర చనిపోవడం పెద్దవాళ్ల సినిమాల్లో దాదాపు సగంలో ఉంటే, పిల్లల సినిమాల్లో మూడింట రెండు వంతుల్లో ఉందట. అందులోనూ ముఖ్య పాత్రల అమ్మానాన్నలు పోవడం పెద్దవాళ్ల సినిమాల్లో కన్నా చాలా ఎక్కువట. అంటే చావు పిల్లల తెరమీదికి ఎప్పుడో వచ్చేసింది. ఇప్పుడు కొత్తగా రానివ్వాలా వద్దా అని తేల్చుకోవడానికేం లేదు.

ఆ చావుతో కథలో ఏం చేస్తున్నారన్నదే నాకు పట్టింపు. చాలా సినిమాల్లో తల్లి చనిపోవడం కథ మొదలుపెట్టడానికి ఒక సాకు. పిల్ల ఒంటరిదైతేనే సాహసయాత్రకు బయలుదేరుతుంది మరి! రెండు నిమిషాలు విషాద సంగీతం, తర్వాత పాట, ఆపైన ఆ తల్లి ఊసే ఉండదు. దానికి ఏ అమ్మానాన్నా కంప్లైంట్ రాయరు. ఆ పిల్ల బాధను తీరిగ్గా, నెమ్మదిగా చూపించి, పక్కన పెద్దవాళ్లను కూర్చోబెట్టిన కార్టూన్ మీదేమో కోపం వస్తుంది. ఎందుకంటే అది పిల్ల చేత ప్రశ్న అడిగిస్తుంది, సమాధానం మనం చెప్పాలి.

సరిగా చేయలేకపోతే మానుకోవాలి కూడా. ఈ విషయంలోనూ సెసమీ స్ట్రీట్ వాళ్ల మీద నాకు గౌరవం. 1992లో విడాకుల మీద ఒక ఎపిసోడ్ తీశారు. స్నఫీ అనే పాత్ర అమ్మానాన్నలు విడిపోతారు. టీవీలో వేసే ముందు చిన్నపిల్లలకు చూపించి, ఏం అర్థమైందని అడిగారు. కొందరు ఏడ్చారు. నాన్న ఎక్కడికి పోయాడో వాళ్లకు తెలియలేదు. అమ్మానాన్నలకు పిల్లల మీద ఇంకా ప్రేమ ఉందో లేదో తేలలేదు. అమ్మానాన్నా పోట్లాడుకుంటే విడిపోతారన్నమాట అని అర్థం చేసుకున్న పిల్లలున్నారు. అలాగైతే ఏ ఇంట్లో పిల్లకు నిద్ర పడుతుంది? ఖర్చు పెట్టి తీసిన ఎపిసోడ్‌ను వాళ్లు ప్రసారం చేయకుండా పక్కన పెట్టేశారు. విడాకుల గురించి మళ్లీ ముట్టుకున్నది 2012లో, అదీ ఆ పరిస్థితిలో ఉన్న కుటుంబాల కోసం విడిగా చేసిన వీడియోల్లో. అంటే ‘చెప్పాలి’ అనుకున్నవాళ్లే ‘ఇలా కాదు’ అని కూడా అనుకోగలిగారు. ఇప్పుడు ఫోన్‌లో దొరికే వీడియోల్లో ఎన్నింటికి ఇంత జాగ్రత్త ఉంది? పేరు తెలియని ఛానళ్లు, తెలిసిన బొమ్మ పాత్రలనే పెట్టి ఇంజెక్షన్లూ, కిడ్నాపులూ, ఏడుపులూ కలిపి వదిలే వీడియోలున్నాయి. వాటి మీద కోపగించుకోండి, నేనూ మీతో కలుస్తాను.

కష్టాలంటే చావొక్కటే కాదు కూడా. ఒక తరగతిలో ఉన్న పిల్లల్లో ఎవరింట్లోనో నాన్న ఉద్యోగం పోయి ఉంటుంది, ఎవరికో అమ్మ మంచం పట్టి ఉంటుంది, ఎవరింట్లోనో రాత్రి అరుపులు మామూలు. మనకు ‘పిల్లలకు వద్దనుకునే విషయం’ ఏదైతే ఉందో, అది ఆ పిల్లకు రోజూ ఉండే ఇల్లు. టీవీలో అన్ని ఇళ్లూ నవ్వుతూనే కనబడితే తన ఇల్లొక్కటే తేడా అనుకుంటుంది. దక్షిణాఫ్రికాలో ఎయిడ్స్ ఎన్నో ఇళ్లను కూల్చేస్తున్న రోజుల్లో, 2002లో, అక్కడి సెసమీ కార్యక్రమంలోకి కామి అనే అయిదేళ్ల పాత్రను తెచ్చారు. ఆ పాపకు హెచ్‌ఐవీ ఉంది, తల్లి లేదు. మిగతా పిల్లలతో ఆడుతుంది, పాడుతుంది. ఆ దేశంలో అలాంటి పిల్లతో కలిసి ఆడుకోవచ్చా అని భయపడే కుటుంబాలకు అంతకన్నా తేలిగ్గా ఎవరు చెప్పగలరు?

‘మా చిన్నప్పుడు ఇవన్నీ లేవు’ అని మీ ఇంట్లో ఎవరైనా అంటే ఆవు–పులి కథ గుర్తు చేయండి. పులి నోటికి చిక్కిన ఆవు, బిడ్డకు పాలిచ్చి వస్తానని బతిమాలి ఇంటికి వస్తుంది. దూడకు కడుపునిండా పాలిచ్చి, తను లేనప్పుడు ఎలా మసలుకోవాలో బుద్ధులు చెప్పి, ఇచ్చిన మాట కోసం తిరిగి పులి దగ్గరికి బయలుదేరుతుంది. పిల్లలకు ఎన్ని తరాలుగా చెబుతున్నామో ఈ కథ. మనం దాన్ని సత్యం గురించిన కథ అనుకుంటాం. వింటున్న పిల్ల మాత్రం దూడ పక్కనే నిలబడి ఉంటుంది. చివరికి పులి మనసు మారి ఆవును వదిలేస్తుంది, అది నిజమే. అయినా అమ్మ వెళ్లిపోతుందేమో అన్న భయాన్ని ఆ కథ దాచలేదు, కొసదాకా పట్టుకుని నడిపించింది.

ఇక మీ ఇంట్లో ఏం చేయాలో చెబుతాను.

మొదట నిజం చెప్పండి. రాత్రి పడుకునే ముందు వద్దు, పగలు తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పండి. వీలైతే మీవారు కూడా ఉండాలి. పొడుగ్గా అక్కర్లేదు. ‘తాతయ్య వస్తారని నీకు చెప్పాం కదా. నాకు చాలా బాధగా ఉండి అలా చెప్పాను. తాతయ్య చనిపోయారు. చనిపోయినవాళ్లు తిరిగి రారు. నీ తప్పేమీ లేదు, ఎవరి తప్పూ లేదు.’ ఈ చివరి ముక్క పాప అడగకపోయినా చెప్పండి. దేవుడి గురించి, మీ ఇంటి నమ్మకం గురించి చెప్పాలనుకుంటే నిక్షేపంగా చెప్పండి. కాకపోతే చనిపోయారన్న మాట ముందు, నమ్మకం తర్వాత. ఒట్టి ‘దేవుడి దగ్గరికి వెళ్లారు’ అంటే, మరి మనం వెళ్లి చూసొద్దామా అంటుంది.

పాప ఏడవచ్చు, లేదా ‘సరే’ అని వెళ్లి బొమ్మలతో ఆడుకోవచ్చు. రెండూ మామూలే. పిల్లలు కాసేపు దుఃఖపడతారు, కాసేపు మర్చిపోతారు, మళ్లీ వస్తారు. ఆడుకుంటోంది కదా అని బాధ లేదనుకోవద్దు. రేపు తన బొమ్మ చనిపోయిందని దుప్పటి కప్పి ఆట ఆడినా కంగారుపడి లాక్కోకండి. ఆస్ట్రేలియా కార్టూన్ ‘బ్లూయీ’లో ఒక ఎపిసోడ్ ఉంది. దెబ్బ తగిలిన చిన్న పిట్టను నాన్నతో కలిసి డాక్టర్ దగ్గరికి తీసుకెళితే అది బతకదు. ఇంటికి వచ్చాక ఆ పిల్ల అమ్మనూ చెల్లినీ కలుపుకుని జరిగినదంతా మళ్లీ ఆటగా ఆడుతుంది. పెద్దవాళ్లు వద్దనరు, తమకిచ్చిన వేషం తాము వేస్తారు. మీరూ అదే చేయొచ్చు.

‘నువ్వు కూడా చచ్చిపోతావా?’ అన్నదానికి ‘ఛ, అలా అనకూడదు’ అనొద్దు. ‘నేనెప్పటికీ చనిపోను’ అనీ అనొద్దు. ఇప్పటికే ఒక మాట తప్పింది కదా, ఇంకొకటి వద్దు. ‘అందరూ ఎప్పుడో ఒకప్పుడు చనిపోతారు. నేను మాత్రం చాలా ఏళ్లు, నువ్వు బాగా పెద్దదానివయ్యేదాకా నీతోనే ఉంటాననుకుంటున్నాను’ అనండి. అది అడిగినప్పుడల్లా పాప లోపల ఇంకో ప్రశ్న ఉంటుంది, మరి నన్నెవరు చూసుకుంటారు అని. ఆ పసుపు పక్షి మిల్క్‌షేక్ గురించి అడిగినట్టు. దానికి పేర్లతో సహా జవాబు చెప్పండి. నాన్న ఉన్నారు, నానమ్మ ఉంది, పిన్ని ఉంది, నువ్వెప్పుడూ ఒక్కదానివి కావు అని. అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతుంది. విసుక్కోకుండా అవే మాటలు చెప్పండి. మాట మారితే అనుమానం వస్తుంది.

మీవారి సంగతి ఒకటి అడగనా? ఏడు నెలల క్రితం పోయింది ఆయన తండ్రి. ఆ కార్టూన్ చూసి పాప ఏడవలేదని రాశారు, మీవారికి కోపం వచ్చిందని రాశారు. పాప ‘తాతయ్య ఇక రాడా’ అన్నప్పుడు ఆ ప్రశ్న ఎక్కువగా తగిలింది ఆయనకేనేమో. అలా అయితే ఆయనతో వాదన పెట్టుకోవద్దు. తాతయ్య ఫొటోలు ముగ్గురూ కలిసి చూడండి. ఆయన తన చిన్నప్పటి కబుర్లు పాపకు చెప్పనివ్వండి. మధ్యలో గొంతు పట్టేసినా పరవాలేదు. అమెరికాలోనే ఫ్రెడ్ రోజర్స్ అని పిల్లల కార్యక్రమం నడిపిన పెద్దమనిషి ఉండేవారు. 1970లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో చేపల తొట్టిలో ఒక చేప అడుగున పడి ఉంటుంది. ఉప్పు నీళ్లలో వేస్తే కోలుకుంటుందేమోనని వేరే గిన్నెలో వేసి చూస్తారు. కదలదు. కాగితంలో చుట్టి పెరట్లో గుంత తీసి పాతిపెడతారు. తర్వాత చిన్నప్పుడు తన కుక్క చనిపోతే తను ఎంత ఏడ్చారో, నానమ్మో అమ్మమ్మో ఎలా దగ్గరకు తీసుకుందో చెబుతారు. అంతే కథ. ఒక మగమనిషి, తన చిన్నప్పటి ఏడుపు గురించి, గొంతు పెంచకుండా. మీ పాపకు అలాంటి ఎపిసోడ్ ఏ యాప్‌లోనూ వెతకక్కర్లేదు, ఇంట్లోనే ఆయన చెప్పగలరు.

పాపను కనిపెట్టుకుని ఉండండి. కొన్ని వారాలు మిమ్మల్ని అంటిపెట్టుకుని తిరగడం, అవే ప్రశ్నలు అడగడం సహజం. నిజం చెప్పాక కూడా వారాల తరబడి సరిగా తినకపోయినా, నిద్ర పట్టకపోయినా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, స్కూల్‌కు వెళ్లనని భయంతో మొండికేసినా, ‘నా వల్లే’ అని అంటున్నా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి, అవసరమైతే వాళ్లే చైల్డ్ సైకాలజిస్ట్ దగ్గరికి పంపుతారు. దానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు.

యాప్ మళ్లీ పెట్టుకోండి. ఆ ఎపిసోడ్ పాప మళ్లీ చూస్తానంటే చూడనివ్వండి, ఈసారి మీరు పక్కన కూర్చోండి. వంట చేసుకుంటూ ఓ చెవి అటు పడేయడం కాదు, నిజంగానే పక్కన. మధ్యలో పాఠాలు చెప్పకండి. అయిపోయాక ‘ఆ పిల్లకు ఎలా అనిపించి ఉంటుంది?’ అని ఒక్కటి అడిగి ఊరుకోండి. చెబితే వింటారు, చెప్పకపోతే పోనీ. కొత్త ఎపిసోడ్లు వీలైనంతవరకు మీరు ముందు చూసి పెట్టండి, మరీ నిద్రవేళ పెట్టకండి.

యాప్ వాళ్లకు ఉత్తరం మాత్రం రాయండి. చావు చూపించినందుకు తిట్టడానికి కాదు. ఇలాంటి ఎపిసోడ్ మొదట్లో ‘ఇందులో పెంపుడు కుక్క చనిపోతుంది, పెద్దవాళ్లు పక్కన ఉంటే మంచిది’ అని ఒక్క లైను వేయమని, చివర అమ్మానాన్నలకు నాలుగు సూచనలు ఇవ్వమని అడగండి. ఆ లైను ఉండి ఉంటే ఆ రోజు పాప చాలాసేపు ఊరికే కూర్చున్నప్పుడు మీరు కూడా పక్కనే ఉండేవారు. అడగాల్సిన విషయమే అది, అడిగితే చేస్తారు కూడా.